ఇందల్వాయి ముచ్చట్లు: ఫుట్‌బాల్, ఇంటి మరమ్మతు, పండుగ వంట

చరిత్ర వ్యాసం అనగానే రాజులు, కోటలు, శాసనాలు గుర్తుకు రావడం సహజం. మన సంఘం ప్రత్యేక సంచికలో అటువంటి వ్యాసాలకు కొదవలేదు. ఈ వ్యాసానికి ఆధారం మాత్రం శాసనాలు కావు, మన ముచ్చట్లే. సాయంత్రం పూట నలుగురు విశ్రాంత ఉద్యోగులు చాయ్ హోటల్ ముందో, గుడి అరుగు మీదో కలిస్తే మాటలు పింఛనుతోనూ, కరువు భత్యంతోనూ మొదలవుతాయి. ఆ రెండూ తేలేవి కావు గనుక కాసేపటికి పాత ఆటల మీదికో, కారుతున్న కప్పు మీదికో, రాబోయే పండుగ మీదికో మళ్లుతాయి. ఇంట్లో పిల్లలకు ఇవి పొద్దుపోని కబుర్లుగా కనిపిస్తాయి. వీటిలో మన ప్రాంతపు నూరేళ్ల చరిత్ర ఉందని, అది ఏ దస్త్రంలోనూ ఇంత వివరంగా దొరకదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దారి మీది ఊరు

ఇందల్వాయి మొదటి నుంచీ దారి మీది ఊరు. గోల్కొండకు వచ్చే పాత బాట ఇటుగానే సాగేది. 1666–67 ప్రాంతంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో తన యాత్రా గ్రంథంలో ఈ ఊరి పేరు రాశాడు. ఇక్కడ కత్తులు, బాకులు, ఈటెలు విస్తారంగా తయారై దేశమంతటా అమ్ముడుపోతాయనీ, వాటికి కావలసిన ఇనుము దగ్గరి కొండలోనే దొరుకుతుందనీ పేర్కొన్నాడు. అంటే మూడున్నర శతాబ్దాల కిందటే ఈ ఊరి చేతి పని దూరదేశాల వారి నోళ్లలో నానింది.

తరువాత సికింద్రాబాదు నుంచి మన్మాడు వైపు రైలు మార్గం వచ్చింది. 1905లో ఇందూరు పేరు నిజామాబాదుగా మారింది. హైదరాబాదు–నాగపూరు రహదారిని మనమంతా ఏళ్ల తరబడి 7వ నంబరు జాతీయ రహదారి అన్నాము, ఇప్పుడది 44వ నంబరు. 2016 అక్టోబరులో ఇందల్వాయి మండల కేంద్రం అయింది. దారి మీది ఊరికి ఒక లక్షణం ఉంటుంది. వార్త ముందు వస్తుంది, మనిషి ముందు వెళ్లిపోతాడు. మన ముచ్చట్లలో ఫుట్‌బాల్ ఉండడానికీ, ఇంటి కప్పులు మారడానికీ, పండుగకు పిల్లలు ఇంట లేకపోవడానికీ మూలం ఆ దారిలోనే ఉంది.

ఉద్యోగుల ఆట

నేటి పిల్లలకు ఆట అంటే క్రికెట్టే. మన తరంలో హైదరాబాదుతో కాస్త సంబంధం ఉన్నవారికి ఆట అంటే ఫుట్‌బాల్. సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారం దండు ప్రాంతాలలోని ఇంగ్లీషు సిపాయిల ద్వారా ఆ ఆట మన గడ్డ మీదికి వచ్చింది. దానికి పేరు తెచ్చినవారు మాత్రం మన ఉద్యోగులే. ఈ మాట ముఖ్యంగా మన సంఘం సభ్యులు గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యురాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్ వంటి మహా జట్టును ఓడించింది. ఆ ఆటగాళ్లు కోటీశ్వరులు కారు. పోలీసు శాఖలో నెల జీతానికి పనిచేసినవారు. వారికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. అందరూ ఆయనను రహీం సాబ్ అనేవారు.

రహీం సాబ్ 1909లో హైదరాబాదులో పుట్టారు. పాఠశాలలో పాఠాలు చెబుతూనే మైదానంలో బంతి పాఠం చెప్పారు. బంతిని ఒక్కడే పట్టుకుని పరుగెత్తడం కాదు, తాకిన వెంటనే పక్కవాడికి అందించాలన్నది ఆయన పద్ధతి. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవారిలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయారు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి మనవారు ఉన్నారు. హైదరాబాదు రాష్ట్రం 1956 నవంబరు 1న రద్దయి, దాని తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాయి. మరుసటి నెలలో మెల్‌బోర్న్‌లో హైదరాబాదీలు ఆడుతున్నారు. పటంలో పోయిన రాష్ట్రం మైదానంలో కనిపించిందన్నమాట.

1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మన జట్టు రెండోసారి స్వర్ణం తెచ్చింది. అప్పటికే రహీం సాబ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. వయసు 53 సంవత్సరాలు. పదవీ విరమణ వయసు రాకుండానే వెళ్లిపోయిన ఆ మాస్టారు ఏ పింఛనుదారుల సభలోనూ కూర్చోలేదు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. ఆయన కథతో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలైంది. చాలామంది మనవలకు తాతలు చెప్పినదంతా నిజమేనని అప్పుడే తెలిసింది.

సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లోనే మరణించారు. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే కొత్త జట్టు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి మళ్లీ ఆశ పుట్టించింది గాని, 2025లో అది ఢిల్లీకి తరలిపోయింది. ఆశ పూర్తిగా పోలేదు. మన నిజామాబాదు జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఎదిగింది. 2024–25లో మహిళల లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆమె ఉంది. బలరాం వెళ్లిన చోటికే అరవై ఏడేళ్ల తరువాత మన ఆడపిల్ల వెళ్లిందన్నమాట.

గూన పెంక నుంచి స్లాబు దాకా

ఆట ముచ్చట ముగిసేసరికి ఎవరో ఒకరు ఆకాశం వైపు చూసి ఇంటి సంగతి ఎత్తుతారు. పూర్వం మన ఊళ్లలో మట్టి గోడలు, టేకు దూలాలు, వాసాలు, వాటి మీద గూన పెంకలు. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా చీల్చి, ఆవంలో కాల్చిన పెంక అది. ఒక వరుస వెల్లకిల, ఒక వరుస బోర్లా పరిస్తే వాన నీరు దానంతట అదే జారిపోయేది. ఏటా రోహిణి కార్తెలో పెంకలు దించి, పగిలినవి తీసి, చెత్త ఊడ్చి, ఇల్లు తిరిగి కప్పించేవారు. ఆ పని మృగశిర వానలకు ముందు పూర్తి కావాలి. కప్పే మనిషి దొరకడమే గగనం, అందుకని ఇరుగుపొరుగు వంతులు వేసుకునేవారు.

తరువాత బల్లపరుపుగా ఉండే బెంగుళూరు పెంకలు వచ్చాయి. ఆ రకం పెంకల మొదటి కార్ఖానాను బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో పెట్టారు. ఊరు మంగుళూరు, మన నోటికి బెంగుళూరు! కలవారి ఇళ్లకు డంగు సున్నం వాడేవారు. గుండ్రటి గానుగలో ఎడ్లు రాతి చక్రాన్ని లాగుతుంటే సున్నం, ఇసుక మెత్తగా నలిగేవి. కరక్కాయ నీరు, బెల్లం నీరు కలిపేవారు. నేలకు షాబాద్ బండలు. అదే షాబాద్‌లో సిమెంటు కార్ఖానా కూడా నిజాం కాలంలోనే వెలిసింది.

స్లాబు ఇల్లు మనలో చాలామందికి ఉద్యోగపు చివరి రోజులలోనే సాధ్యమైంది. ప్రావిడెంటు ఫండు అడ్వాన్సు పునాదికి, గ్రాట్యుటీ స్లాబుకు, కమ్యుటేషన్ సొమ్ము ఆడపిల్ల పెళ్లికి: ఈ లెక్క ఎన్ని ఇళ్లలో జరగలేదు! కోతులు పెంకలు పీకేస్తున్నాయని స్లాబు వేసినవారూ ఉన్నారు. అయితే పెంకుటింటి లోపం కంటికి కనిపిస్తుంది. ఎక్కడ పగిలితే అక్కడే కారుతుంది, ఒక పెంక మారిస్తే సరిపోతుంది. స్లాబులో నీరు ఒకచోట దిగి మరొకచోట బయటపడుతుంది. లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే కింది పెచ్చు రాలుతుంది. పైన మొక్క మొలవనీయకుండా, నీరు నిలవకుండా, తూములు మూసుకుపోకుండా ప్రతి వేసవిలో చూసుకోవడమే మార్గం. అంటే ఇల్లు మారినా రోహిణి కార్తె పని మాత్రం మారలేదు. పెచ్చు రాలిన చోట సుతారి చేత తుప్పు గీకించి, చువ్వకు పూత వేయించి, ఆ పైననే సిమెంటు మెత్తించాలి. తుప్పు మీదనే మెత్తితే రెండేళ్లకు మళ్లీ రాలుతుంది.

పండుగ పూట వంటిల్లు

మూడో ముచ్చటకు వచ్చేసరికి అరుగు మీది మగవారికంటే వంటింటిలోని ఆడవారే అసలు చరిత్రకారులు. బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్లు చూడండి: ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల బతుకమ్మ. చాలా రోజులకు తిండి పేరే ఉంది. అలిగిన బతుకమ్మ నాడు నైవేద్యమే లేదు. చివరి నాడు నువ్వుల సత్తు, పల్లీల సత్తు, మలీద. ఆ తరువాత దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి ఆలింగనం చేసుకోవడం, ఇంట మాంసం కూర.

సంక్రాంతికి సకినాలు. కొత్త బియ్యం నానబెట్టి పిండి కొట్టి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్లటి బట్ట మీద వేళ్లతో చుట్లు చుట్లుగా తిప్పాలి. ఆరిన తరువాతనే నూనెలో వేయాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వాడకట్టు ఆడవారంతా ఒకరింటికి ఒకరు వెళ్లి చుట్టి పెట్టేవారు. కూతుళ్ల కష్టాలు, కోడళ్ల మంచితనాలు అక్కడే బయటపడేవి. ఉగాదికి భక్ష్యాలు, వానకాలంలో మక్క గారెలు, పీర్ల పండుగకు మలీద, రంజాన్ నాడు ముస్లిం మిత్రుల ఇంటి నుంచి షీర్ ఖుర్మా. ఇదీ మన ఏడాది.

వీటి వెనుక పంటల చరిత్ర ఉంది. ఒకప్పుడు చాలా ఇళ్లలో రోజూ జొన్న రొట్టె, జొన్న గటక. వరి అన్నం పండుగకు, చుట్టాలకు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జిల్లాలో వరినీ, చెరకునూ పెంచింది. 1963 జూలైలో నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అన్నం రోజువారీ అయిపోయాక పండుగ ప్రత్యేకత పిండివంటలకు మారింది. నేడు షుగరు వచ్చిన మనకు డాక్టరు మళ్లీ జొన్న రొట్టే రాస్తున్నాడు!

కూరలో పసుపు సంగతి వేరే చెప్పాలా? ఆర్మూరు వైపు వానల మొదట్లో నాటిన పసుపు సుమారు 9 నెలలు నేలలో ఉంటుంది. తవ్వి, ఉడకబెట్టి, రెండు వారాలు ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టాకే నిజామాబాదు యార్డుకు చేరుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికలలో ధర కోసం, పసుపు బోర్డు కోసం 170 మందికి పైగా రైతులు నిజామాబాదు నుంచి పోటీకి నిలిచిన సంగతి దేశమంతా చూసింది. 2025లో పసుపు బోర్డు నిజామాబాదులో మొదలైంది. పండుగ కూర రంగు వెనుక ఇంత కథ ఉంది.

మూడు ముచ్చట్లు కలిసిన చోటు

1970ల తరువాత మన జిల్లా నుంచి, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వేలాది మంది దుబాయి, మస్కట్, కువైట్, ఖతర్ దేశాలకు వలస వెళ్లారు. మన పల్లెలలో ఎన్నో పెంకుటిళ్లు స్లాబులైంది ఆ సొమ్ముతోనే. 2010 డిసెంబరులో ఖతర్‌కు ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలు దక్కాయి. వాటి కోసం రోడ్లు, మెట్రో, స్టేడియాలు కట్టిన కూలీలలో తెలంగాణ బిడ్డలూ ఉన్నారు. 2022 డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్‌ను మనం టీవీలో చూసి మురిసిపోయాము.

ఇంటి కప్పు వేయించడానికి వెళ్లినవాడు పరదేశంలో మైదానాలు కట్టాడు. సంక్రాంతికి అతని కోసం తల్లి సకినాలు చుట్టి, డబ్బాలో సర్ది, అటు వెళ్లేవారి చేతికి ఇచ్చి పంపింది. అందరూ క్షేమంగా తిరిగి రాలేదు. శవపేటికలో వచ్చినవారి ఇళ్ల మీద కూడా ఆ స్లాబు ఉంది. ఫుట్‌బాల్, ఇల్లు, పండుగ వంట అనే మూడు మామూలు ముచ్చట్లు ఇలా ఒకే కుటుంబ చరిత్రలో కలిసిపోయాయి.

రాసి పెట్టవలసినవి

మన సభ్యులలో ఎనభై దాటినవారు ఏటా తగ్గుతున్నారు. గూన పెంక చేసే కుమ్మరి, డంగు సున్నం ఎరిగిన సుతారి, రోవర్స్ కప్పు వార్త విని ఎగిరి గంతేసిన అభిమాని, కొలత గిన్నె లేకుండా సకినాల పిండి కలపగలిగిన అవ్వ: వీరితో పాటే వారి మాటలూ పోతాయి. కనుక మిత్రులందరికీ ఒక విన్నపం. ఒక వంద పేజీల నోటు పుస్తకం కొనండి. మీ ఇల్లు ఏ సంవత్సరంలో కప్పు మారింది, ఎంత ఖర్చయింది, ఆ సొమ్ము ఎక్కడిది, ఏ మేస్త్రి కట్టాడు, రాయండి. మీ ఇంట ఏ పండుగకు ఏమి వండేవారో ఇంటావిడను అడిగి కొలతలతో సహా రాయండి. మీరు ఆడిన, చూసిన ఆటల వివరాలు రాయండి. చెయ్యి వణుకుతుంటే మనవడితో గాని మనవరాలితో గాని రాయించండి, ఆ వంకతో వారు కాసేపు మీ పక్కన కూర్చుంటారు.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వ దయ కాదనీ, గడిచిన కాలపు సేవకు దక్కవలసిన హక్కనీ తీర్పు చెప్పింది. గడిచిన కాలానికి విలువ ఉన్నదని కోర్టు అంగీకరించింది. ఆ కాలంలో ఏమి జరిగిందో చెప్పవలసిన బాధ్యత మనది. మీ నోటు పుస్తకాలలోని నాలుగు పేజీలు సంఘం కార్యాలయానికి అందజేస్తే రాబోయే సంచికలకు వాటికంటే మంచి చరిత్ర వ్యాసాలు అక్కరలేదు.