పద్యం ఆపి పలికే పేరు

పాలమూరు పల్లెల్లో రాత్రి పద్యనాటకం ఆడుతుంటే ఈ ఘట్టం తప్పదు. కృష్ణుడు రాయబారం పద్యం ఎత్తుకుంటాడు. రాగం పైస్థాయికి పోతుండగా జనంలోంచి ఒకాయన లేచి, నోటు మడిచి పట్టుకొని వేదిక దగ్గరికి నడుస్తాడు. హార్మోనియం తగ్గుతుంది. కిరీటం సర్దుకుంటూ కృష్ణుడు వంగి, పేరు కనుక్కొని మైకు ముందుకొస్తాడు. "వీపనగండ్ల వాస్తవ్యులు, ఫలానా వారి కుమారుడు ఫలానా వారు మా కృష్ణపాత్రకు నూరు రూపాయలు చదివించినారు. వారిని, వారి పిల్లాపాపలను ఆ పరమాత్మ సల్లంగ సూడాలె!" ఈలలు, చప్పట్లు. పద్యం మళ్లీ మొదటినుంచి. కథ ఆగిపోయిందని విసుక్కునేవాడు ఉండడు. అటు వరుసలో ఇంకొకాయన జేబు తడుముకుంటుంటాడు.

యూట్యూబ్‌లో, ట్విచ్‌లో గంటల తరబడి లైవ్ పెట్టి విరాళాలు పోగుచేసే పద్ధతిని కొత్త విద్యగా చెబుతున్నారు. తెర మీద దాత పేరు మెరవడం, నిర్వాహకుడు దాన్ని చదివి దండం పెట్టడం, అడిగిన పాట పాడటం, ఇవన్నీ మన నాటకం పందిట్లో ఉన్నవే. కాకపోతే అక్కడ నోటును పిన్నీసుతో చొక్కాకు గుచ్చేవాళ్లు.

వీపనగండ్ల చుట్టూ ఈ సంప్రదాయానికి రెండు అంతస్తులున్నాయి. ఒక దిక్కు వనపర్తి, ఇంకో దిక్కు కొల్లాపురం రాజధానిగా జటప్రోలు, కృష్ణ దాటితే గద్వాల. అన్నీ సంస్థానాలే. తిరుపతి వేంకట కవులు ఈ ప్రాంతపు సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. పృచ్ఛకుడు సమస్య విసరాలి, కవి అప్పటికప్పుడు పూరించాలి, సత్కారం నిండుసభలో జరగాలి. అది పై అంతస్తు. కింది అంతస్తులో వెదురు, ఎండు సొరబుర్రలు, మైనంతో కట్టిన కిన్నెర. పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడుతూ ఇంటింటికీ తిరిగిన కళాకారుడికి గడప ముందున్న ఇల్లాలే సభ.

ఆ కిన్నెర కథ లైవ్‌లు నడిపేవాళ్లు వినదగ్గది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2021లో 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు విన్నవాళ్లకు లెక్కలేదు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో మాత్రం ఆయన కూలిపనికి పోతున్నారని పత్రికలు రాశాయి. చూసినవాళ్లంతా ఇచ్చినవాళ్లు కాదు. గడప ముందు పాడినప్పుడు ఇల్లాలు చేటలో గింజలు తెచ్చి పొయ్యకుండా ఊరుకోలేదు. ఫోన్లో పాటను వేలితో పైకి తోసేస్తే సరిపోతుంది.

ఎదురుగా నిలబడి అడిగితే కాదనలేని ఆ మొహమాటాన్ని పెద్ద ఎత్తున వాడుకున్నది మన సినిమావాళ్లే. 1952లో రాయలసీమ కరువుకు, 1965 యుద్ధనిధికి, 1977 నవంబర్ 19 ఉప్పెనలో దివిసీమ మునిగినప్పుడూ ఎన్టీఆర్ జోలె పట్టారు. దివిసీమకు అక్కినేని కూడా బయల్దేరారు. తెర మీద చూసిన దేవుడు బజారులో చెయ్యి చాస్తే ఇవ్వకుండా ఎట్లా? ఆ ఉప్పెన తర్వాతే 'ఈనాడు' పాఠకుల విరాళాలతో, రామకృష్ణ మిషన్ తోడ్పాటుతో పాలకాయతిప్పలో ఇళ్లు లేచాయి. ఇచ్చిన రూపాయి గోడై నిలబడింది.

టీవీ వచ్చాక జోలె స్టూడియోలోకి చేరింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కకావికలు చేస్తే, నవంబర్ 30న హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో 'మేము సైతం' పేరుతో పన్నెండు గంటల ప్రత్యక్ష ప్రసారం నడిపారు. ఆటలు, పాటలు, హాస్యం అన్నీ కలిపి దాదాపు 11.5 కోట్లు వచ్చాయి. అమెరికాలో ఈ దారి 1949లోనే మిల్టన్ బెర్ల్ క్యాన్సర్ నిధి కోసం వేశాడు.

దాత చేతికి పగ్గం ఇచ్చింది మాత్రం వీడియోగేముల కుర్రాళ్లు. 2010లో మొదలైన 'గేమ్స్ డన్ క్విక్' విరాళాల మారథాన్లలో 'సూపర్ మెట్రాయిడ్' ఆట చివర జంతువులను కాపాడాలా, వదిలెయ్యాలా అన్నది చందాలతో తేలుతుంది. రెండు పక్షాలూ పోటీపడి పంపుతాయి. కృష్ణుడి పక్షానికి నూరు పడగానే దుర్యోధనుడి అభిమాని నూటపదహార్లతో లేవడం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. నాటకం మేనేజరు ఆ పోటీని ఎక్కడ పెంచాలో, ఎక్కడ తుంచాలో ఎరిగినవాడు. పాట పూర్తిగా మరుగున పడితే మరునాడు జనం రారు.

ఇప్పుడు జాతర నాటకాలకూ ఫోన్ స్టాండు, క్యూఆర్ కోడ్ వచ్చాయి. సౌండ్‌బాక్సు "వంద రూపాయలు అందాయి" అని తెలుగులోనే అరుస్తుంది. ఎవరిచ్చారో చెప్పదు. దాతకు కావాల్సింది ఆ రెండో ముక్కే. కాబట్టి లైవ్ పెట్టే చోట ఫోన్ చూసి పేరు, ఊరు, తండ్రిపేరు చదవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టుకోవాలి. గుప్తదానం చేసేవాళ్లూ ఉంటారు. "పేరు వద్దన్న దాత" అని చదివినా వాళ్లకు చాలు.

రాత్రి పదింటికి ఇక్కడ పద్యం మొదలైతే వేసవిలో డాలస్‌లో పొద్దున పదకొండున్నర. అక్కడి పిల్లలూ చూస్తారు, పంపాలనుకుంటారు. సూపర్ చాట్‌లో పంపితే మూడోవంతుకు కాస్త తక్కువ యూట్యూబ్‌కే పోతుంది. యూపీఐలో ఆ కోత లేదు. ఊరిబడి కోసం ట్రస్టు వసూలు చేస్తుంటే ఇంకో చిక్కు: భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి అన్న తన సంపాదన పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరుడైపోయిన తమ్ముడు పంపితే అవుతుంది, ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఈ సంగతి నాంది పద్యానికి ముందే తెర మీద రాసిపెడితే, అన్న ఇచ్చిన డబ్బు ఉంచుకొని తమ్ముడిది వాపసు పంపే తలనొప్పి కమిటీకి ఉండదు.