కాగితం మీద బతుకు: కోస్ జజీరా ముసల్మానులు

యునానీ వైద్యం చేయించుకున్న మన బుజుర్గులకు బుఖ్రాత్ పేరు కొత్త కాదు. లోకం హిప్పోక్రటీస్ అనే ఆ హకీమ్ పుట్టిన చోటు గ్రీసులోని కోస్ అనే చిన్న జజీరా. టర్కీలోని బోద్రమ్ రేవులో పడవెక్కితే గంటలోపే అక్కడికి చేరాను. రేవులో పాస్‌పోర్టు చూపించాల్సి రాకపోతే వేరే ముల్క్‌కు వచ్చామని తెలిసేదే కాదు.

ఊరి మధ్యలో పెద్ద చినార్ జాతి చెట్టు ఉంది. దాని కిందే బుఖ్రాత్ షాగిర్దులకు సబక్ చెప్పాడని అంటారు. ఆయన పోయి దాదాపు 2400 ఏళ్లయింది, చెట్టు వయసేమో సుమారు 500 ఏళ్లే. అంటే అది ఉస్మానీ సుల్తానుల జమానాలో పెరిగిన చెట్టు. వాళ్లు 1523లో కోస్‌ను గెలిచారు. చెట్టు పక్కనే గాజీ హసన్ పాషా 1786లో కట్టించిన మసీదు ఉంది. కింది అంతస్తులో దుకాణాలు, మెట్లెక్కితే పైన నమాజ్ చదివే చోటు. 2017 జూలైలో జల్‌జలా వచ్చి ఊళ్లోని పాత మసీదులకు చాలా నుక్సాన్ చేసింది.

ఇళ్లలో టర్కిష్ మాట్లాడుకునే ముసల్మానులు ఇప్పటికీ ఈ జజీరాలో ఉన్నారు. వాళ్లు ఇక్కడ మిగలడం వెనక ఒక అజీబ్ కథ ఉంది.

1923 జనవరి 30న లౌసాన్‌లో గ్రీసు, టర్కీ ఒక ముఆహిదా మీద దస్తఖత్ చేశాయి. గ్రీసులోని ముసల్మానులు టర్కీకి, టర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు వెళ్లిపోవాలి. ఇస్తాంబుల్ క్రైస్తవులకు, పశ్చిమ థ్రేస్ ముసల్మానులకు మాత్రం మినహాయింపు. దాదాపు 12 లక్షల క్రైస్తవులు, మూడున్నర లక్షలకు పైగా ముసల్మానులు ఈ లెక్కలోకి వచ్చారు. ఎవరు ఎటు అన్నది తేల్చింది మజహబ్, జబాన్ కాదు. గ్రీకు తప్ప ఇంకో మాట రాని క్రీట్ ముసల్మానులు టర్కీ పాలయ్యారు. టర్కిష్ మాత్రమే వచ్చిన క్రైస్తవులు గ్రీసు పాలయ్యారు. రెండు చోట్లా వాళ్లను పరాయివాళ్లలాగే చూశారు. "మీరు ముస్లిమ్సా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!" అన్న మాట మనలో వినని ఇల్లు ఉండదు కదా. మజహబ్ చూసి జబాన్‌ను అంచనా వేసే ఆ ఆదత్‌నే అక్కడ రెండు హుకూమత్‌లు కానూన్ చేశాయి.

కోస్ ముసల్మానులు ఆ హిజ్రత్ తప్పించుకున్నారు. 1912 నుంచి ఈ జజీరా ఇటలీ కబ్జాలో ఉంది. గ్రీసు జమీన్ కాదు కాబట్టి కాగితం వాళ్లకు వర్తించలేదు. ఇల్లు, పొలం, ఖబరస్తాన్ అన్నీ మిగిలాయి.

తర్వాత అదే కాగితం ఎదురు తిరిగింది. 1947 సుల్హ్‌నామాతో ఈ జజీరాలు గ్రీసుకు దక్కాయి. లౌసాన్ ఇచ్చిన అఖల్లియత్ హక్కులు థ్రేస్ ముసల్మానులకే, మీకు కావు అని గ్రీసు హుకూమత్ అంటూ వచ్చింది. 1970ల మొదట్లో బడుల్లో టర్కిష్ చదువు ఆగిపోయింది. రోడ్స్, కోస్ జజీరాల్లోని ఈ జనం గురించి 2012లో యూరప్ కౌన్సిల్ పార్లమెంటరీ సభ ఒక తీర్మానమే చేయాల్సి వచ్చింది. ఒకప్పుడు బచాయించిన మినహాయింపే మరోసారి వాళ్లను హక్కుల బయట నిలబెట్టింది.

ఊరి నుంచి ప్లతానీ అనే పల్లెకు వెళ్లాను. టర్కిష్‌లో దాన్ని గెర్మె అంటారు. ఆ దారిలోనే ముసల్మానుల ఖబరస్తాన్, యూదుల ఖబరస్తాన్ ఉన్నాయి. 1944 జూలైలో జర్మన్లు కోస్ యూదులను రోడ్స్ యూదులతో కలిపి ఆష్విట్జ్‌కు పంపేశారు. రోడ్స్‌లో టర్కీ కాన్సుల్‌గా ఉన్న సలాహత్తిన్ ఉల్కుమెన్ అనే ముసల్మాన్ అధికారి వీళ్లు టర్కీ పౌరులు, వీళ్ల కుటుంబాలు అని వాదించి దాదాపు 50 మందిని విడిపించాడు. అక్కడ కూడా జాన్ నిలిపింది ఒక కాగితమే. కాకపోతే దాన్ని పట్టుకుని నిలబడే ఇన్సాన్ ఒకడు దొరికాడు.

ఖబరస్తాన్‌లో పాత రాళ్ల మీద అరబీ లిపి, కొత్త రాళ్ల మీద లాటిన్ లిపి. దాదా రాయిని మనవడు చదవలేడు. నేను ఫాతిహా చదివి బయటికి వచ్చాను.

ఆ పల్లెలో బడి నేర్పని జబాన్‌ను అమ్మలు, నానీలు వంటింట్లోనే నిలబెట్టారు. మన ఇళ్లలోనూ పాత నికాహ్‌నామాలు, ఇంటి దస్తావేజులు, ఉర్దూలో రాసుకున్న ఖతులు పెట్టెల అడుగున చెదలు పడుతున్నాయి. వాటిని చదవగలిగిన వాళ్లు ఇంట్లో ఉండగానే తీసి చదివించండి. పిల్లలచేత తెలుగులో రాయించి పెట్టండి. ఏ కాగితం ఏ రోజు కామ్‌కు వస్తుందో అల్లాహ్‌కే తెలుసు.