రెండు ఉమ్ములు

2006 మే నెలలో మార్వెల్ వాళ్ళు 'సివిల్ వార్' మొదటి సంచిక విడుదల చేశారు. రచన మార్క్ మిల్లర్, బొమ్మలు స్టీవ్ మెక్‌నివెన్. మొత్తం ఏడు సంచికలు. ఏడు అనేది పేరుకే. అదే కథ స్పైడర్‌మ్యాన్ పుస్తకంలో కొంత, ఫెంటాస్టిక్ ఫోర్‌లో కొంత, ఐరన్‌మ్యాన్‌లో కొంత, 'ఫ్రంట్‌లైన్' అనే ఇంకో పుస్తకంలో మరికొంత నడిచింది. బొమ్మలు ఆలస్యమై అసలు సంచికలు వెనకబడితే, వాటిని నమ్ముకున్న కొసరు సంచికలూ ఆగాయి. మే నెలలో మొదలైన యుద్ధం మర్నాటి ఫిబ్రవరికిగానీ ముగియలేదు.

నేనప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో ఎవడో స్కాన్ చేసిన పేజీలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాడు. ఏది ముందు చదవాలి, ఏది తరవాత చదవాలి అన్నదే ఒక పరీక్ష. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే పాత కామిక్సుల్లో వెనకటి కథ వెతుక్కోవడం ఇంకో పరీక్ష. అంతా అయ్యాక తార్నాకలో చాయ్ దగ్గర తగాదా. ఆ సిరీస్ అట్టమీద నినాదమే 'నువ్వు ఎవరి పక్షం?' అని. కొట్టుకోమని కంపెనీయే చెప్పినట్టు.

చదవనివాళ్ళ కోసం కథ టూకీగా చెప్తాను. స్టామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో కొందరు కుర్ర హీరోలు టీవీ షో కోసం విలన్లని పట్టుకోబోతారు. ఒక విలన్ పేలిపోతాడు. పక్కనే బడి. 600 మందికి పైగా చనిపోతారు. ముసుగు వేసుకునే ప్రతివాడూ ప్రభుత్వం దగ్గర అసలు పేరు నమోదు చేసుకోవాలని చట్టం వస్తుంది. ఐరన్‌మ్యాన్, అంటే టోనీ స్టార్క్, చట్టానికి కొమ్ముకాస్తాడు. కెప్టెన్ అమెరికా కుదరదంటాడు. మిగతావాళ్ళంతా చెరో పక్కా చేరతారు.

ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. పేచీ నాలుగో సంచిక నుంచి ముదిరింది. థోర్‌ని క్లోన్ చేసి వదిలితే అది గోలియత్ అనే హీరోని చంపేసింది. చట్టానికి ఒప్పుకోనివాళ్ళని వేరే లోకంలో కట్టిన జైల్లో పెట్టారు. పాత విలన్లని జీతానికి తెచ్చి పాత స్నేహితుల మీదికి ఉసిగొల్పారు. అప్పుడు ప్రపంచమంతా పాఠకుల నోట ఒకటే మాట: 'మా టోనీ ఇలా చెయ్యడు.' తార్నాకలో మా మాట కూడా అదే. టోనీ పక్షాన నిలబడ్డవాడికే ఎక్కువ కోపం. సమర్థిద్దామంటే రచయితలు వాడి చేతికి ఏమీ మిగల్చలేదు మరి.

ఈ 'మా టోనీ ఇలా చెయ్యడు' అన్న మాట నాకు చాలా ఇష్టం. టోనీ ఎవరి సొత్తు? 1963 నుంచీ పదుల మంది రాశారు. పాఠకుడు మాత్రం తన తలలో ఒక టోనీని కట్టుకుని, రచయిత తప్పు రాశాడని రచయితకే చెబుతాడు. ఇది పిచ్చి అంటారు కొందరు. నాకైతే అదే చదవడం అనిపిస్తుంది.

పైగా మనకి కొత్త కూడా కాదు. కామిక్స్ వాళ్ళు కానన్ అనీ కంటిన్యుటీ అనీ వేళ్ళు విరుచుకునే తగువుకి తెలుగులో ఎప్పుడో ఒక మాట ఉంది: అవాల్మీకం. రంగనాథ రామాయణంలో ఉడుత కథ ఉంది, సులోచన కథ ఉంది, వాల్మీకిలో లేవు. మాయాబజార్ (1957) చూసి మురిసిపోని తెలుగువాడు లేడు, వ్యాసుడికి మాత్రం శశిరేఖ ఎవరో తెలీదు. (ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారన్నది ఇంకో తమాషా.) మూలంలో లేదని పండితుడంటాడు. ఉంటే బావుండేదని జనం అంటారు. అలా ఉంటే బావుండేదని జనం అనుకున్న కథల్లో అన్నిటికన్నా సివిల్ వార్‌కి దగ్గరైంది ఒకటుంది. దాని దగ్గరికి నన్ను తీసుకెళ్ళినాయన రైల్వే ఉద్యోగి.

క్లాస్‌మేట్ ఒకడిది మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్. వాళ్ళ నాన్నగారిది గోదావరి వైపు. కుర్రతనంలో పద్యనాటకాల్లో వేషాలు కట్టినాయన. ఒక ఆదివారం మా ఇద్దరి కేకలూ విని, విషయమేంటో చెప్పమన్నారు. చెప్పాం. టిఫిను తింటూ ఓపిగ్గా విని ఒకే ప్రశ్న వేశారు.

"ఇంతకీ మీ ఇనప మనిషి ఎవరికి మాటిచ్చాడోయ్?"

మావాడు "చట్టం, అంకుల్..." అని ఏదో మొదలుపెట్టాడు. "చట్టానికి కాదు నాయనా, మనిషికి. ఎవరికి?" అన్నారాయన. తరవాత గయోపాఖ్యానం కథ చెప్పారు.

కృష్ణుడు సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నాడు. ఆకాశంలో గయుడనే గంధర్వుడు వెళ్తూ తాంబూలం ఉమ్మాడు. అది తిన్నగా కృష్ణుడి దోసిట్లో పడింది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ పట్టాడు. గయుడు పరుగెత్తుకెళ్ళి అర్జునుడి కాళ్ళ మీద పడ్డాడు. చంపబోయేది ఎవరో చెప్పకుండానే అభయం పుచ్చుకున్నాడు. పేరు బయటికొచ్చేసరికి అర్జునుడి మాట నోరు దాటిపోయింది. ఇక బావా బావమరుదుల మధ్య యుద్ధం. మధ్యలో సుభద్ర, ఒక పక్క అన్న, ఒక పక్క మొగుడు.

ఈ కథ వ్యాసభారతంలో లేదు. కానీ దక్షిణాదిలో ఊరూరా తెలుసు. కన్నడ యక్షగానంలో 'కృష్ణార్జున కాళగ' ఇదే. తెలుగులో 16వ శతాబ్దంలోనే కొండవీటి సీమ ఏలిన నాదెండ్ల గోపమంత్రి, తిమ్మరుసు మేనల్లుడు, దీన్ని 'కృష్ణార్జున సంవాదము'గా కావ్యం చేశాడు. పేరు చూడండి, యుద్ధం కాదు, సంవాదం. 1890 ప్రాంతంలో రాజమండ్రిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకంగా రాశాక ఇది తెలుగుదేశమంతా పాకింది. ప్రచండ యాదవం అని దానికే ఇంకో పేరు. అప్పటికి చిలకమర్తి ఇంకా ఇరవైల్లోనే ఉన్నాడు. ఆయన ఇమ్మానేని హనుమంతరావు నాయుడి నాటక బృందానికి రాసేవాడు. ఆ బృందంలో వేషాలు కట్టిన కుర్రాళ్ళలో టంగుటూరి ప్రకాశం కూడా ఉన్నాడు. నాటకం పుస్తకం లక్ష ప్రతులు దాటి అమ్ముడైందని సాహిత్య చరిత్రలు రాస్తాయి. చదువొచ్చినవాళ్ళు అంతంతమాత్రంగా ఉన్న రోజుల సంగతి ఇది.

ఎందుకంత నచ్చింది? కృష్ణుడి భక్తుడు గానీ, అర్జునుడంటే పడి చచ్చేవాడు గానీ నాటకం చూసి 'మావాడు ఇలా చెయ్యడు' అనుకునే అవకాశం లేదు. ఇద్దరూ వాళ్ళలాగే ఉంటారు. పట్టిన ప్రతిజ్ఞ వదలకపోవడం కృష్ణుడి లక్షణమైతే, శరణన్నవాణ్ణి వదలకపోవడం అర్జునుడి లక్షణం. ఇద్దరి మంచి గుణాల్లోంచే తగువు పుట్టింది. ఒకణ్ణి చెడ్డవాణ్ణి చేస్తే తప్ప కథ నడవని ఇబ్బంది లేదు.

ఇప్పుడు మళ్ళీ సివిల్ వార్ మొదటి సంచిక తీయండి. స్టామ్‌ఫర్డ్ మృతుల కోసం ప్రార్థన జరుగుతుంది. టోనీ వస్తాడు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి, మిరియమ్ షార్ప్, ఎదురొచ్చి అతని ముఖం మీద ఉమ్ముతుంది. ఇక్కడా ఉమ్మే! మిల్లర్ గయోపాఖ్యానం చదివుంటాడని నేననను. కానీ రెండు ఉమ్ములూ పక్కపక్కన పెడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. గయుడిది పొరపాటున పడ్డ ఉమ్ము, దానికి కృష్ణుడు చంపుతానంటాడు. మిరియమ్‌ది కావాలని ఉమ్మిన ఉమ్ము, దానికి టోనీ తల దించుకుంటాడు. ఆ క్షణంలో టోనీ కృష్ణుడి కంటే పెద్దవాడు. 'ఎవరికి మాటిచ్చాడు' అన్న ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది: ఆ తల్లికి.

కానీ కథ ఆ తల్లిని వదిలేసి చట్టాన్ని పట్టుకుంది. మిరియమ్ తరవాత కనబడుతూనే ఉంటుంది గానీ, టోనీ తీసుకున్న ఏ నిర్ణయం ముందూ ఆమె ముఖం అడ్డం పడదు. జైలు కడుతున్నప్పుడో, క్లోన్‌ని వదులుతున్నప్పుడో 'అమ్మా, నీకిచ్చిన మాట కోసం ఇంత పాపం చేస్తున్నాను' అని టోనీ ఒక్క పేజీలో అనుకున్నా మా తార్నాక తగాదా ఇంకోలా ఉండేది. దీనికి తోడు ఒక్కో పుస్తకంలో ఒక్కో టోనీ. సొంత పుస్తకంలో నలిగిపోతున్న మనిషి, స్పైడర్‌మ్యాన్ పుస్తకంలో దాదాపు విలన్. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, పది టీములు ఒకే ఫైల్‌ని ఒకేసారి మార్చి, కాన్‌ఫ్లిక్టులు చూసుకోకుండా మెర్జ్ కొట్టేసినట్టు.

అయితే పాత్ర ఒకటి, చేతులు పది అన్న ఇబ్బంది మన నాటకాలకీ ఉండేది. కాంట్రాక్టు నాటకాల కాలంలో ఒకే రాత్రి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగేవారు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు గొప్పా, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు గొప్పా అని జనం తెల్లార్లూ వాదించుకునేవారు. నచ్చిన పద్యానికి వన్స్ మోర్ కొట్టి, యుద్ధాన్ని ఆపి మరీ మళ్ళీ పాడించుకునేవారు. ముఖం మారినా, గొంతు మారినా కృష్ణుడు చెడలేదు, కృష్ణుడు ఏ మాట మీద నిలబడ్డాడో అది మారలేదు కనక. బొమ్మ గీసే చెయ్యి మారితే కామిక్ పాఠకుడు కూడా ఏమీ అనుకోడు. గుణం మారితేనే ఊరుకోడు.

ఇదే కథని కె.వి. రెడ్డి 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధము'గా తీసినప్పుడు అసలైన క్రాసోవర్ సమస్య ఎదురైంది. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. నువ్వు ఎవరి పక్షం అని అడగాల్సిన పనే లేదు, హాల్లో సగం సగం కూర్చునే ఉన్నారు. పింగళి నాగేంద్రరావు మాటలు తక్కెట్లో తూచినట్టుంటాయి. ఒకరికి ఒక దెబ్బ మాట పడితే, రెండో సీనులో రెండోవారికి పడాల్సిందే. నాకు బాగా నచ్చిన సంగతి మాత్రం ఇంకోటి. ఇద్దరి పాటల వెనకా గొంతు ఘంటసాలదే. తెర మీద కొట్టుకుంటున్న ఇద్దరు మహావీరులూ ఒకే మనిషి గొంతుతో పాడతారు. ఇంతకంటే నిష్పక్షపాతమైన క్రాసోవర్ ఎక్కడైనా ఉందా? ఈ సినిమా తరవాత ఎన్టీఆర్, ఏఎన్నార్ మళ్ళీ కలిసి కనబడింది 1977లో, 'చాణక్య చంద్రగుప్త'లో. మధ్యలో పద్నాలుగేళ్ళు!

ముగింపుల దగ్గరికొస్తే నా పక్షం కొంచెం మారుతుంది.

గయోపాఖ్యానంలో దేవతలు దిగొచ్చి యుద్ధం ఆపుతారు. బావా బావమరుదులు కౌగిలించుకుంటారు, అంతా మొదటికొస్తుంది. మామూలుగా ఇలాంటి ముగింపుని మనం మోసం అంటాం. నాటకం చూసేవాడికి అలా అనిపించదు. రేపు కురుక్షేత్రంలో ఈ కృష్ణుడే ఈ అర్జునుడికి రథం తోలాలని వాడికి ముందే తెలుసు. ఎవరు గెలుస్తారని వాడు టిక్కెట్టు కొనలేదు. ఏమని వాదించుకుంటారో వినడానికి వచ్చాడు. మార్వెల్ అమ్మింది దీనికి పూర్తిగా తిరగేసిన సరుకు: ఇకమీదట ఏదీ మునుపటిలా ఉండదని. స్పైడర్‌మ్యాన్ రెండో సంచికలో లోకం ముందు ముసుగు తీశాడు. 2007 చివర్లో మెఫిస్టో అనే పిశాచంతో బేరం పెట్టించి ఆ సంగతి అందరి బుర్రల్లోంచీ తుడిచేశారు. 2007 మార్చిలో చంపిన కెప్టెన్ అమెరికాని 2009లో లేపడం మొదలుపెట్టారు. పాఠకులు మండిపడ్డారంటే పడరూ? మొదటికి రావడం తప్పు కాదు, రానని ఒట్టేసి రావడం తప్పు.

కానీ ఏడో సంచికలో ఒక దృశ్యం ఉంది. న్యూయార్క్ వీధుల్లో ఆఖరి పోరు. కెప్టెన్ అమెరికా టోనీని చిత్తుచేసి, చివరి దెబ్బ వెయ్యబోతుంటాడు. ఫైరింజన్ వాళ్ళు, అంబులెన్స్ వాళ్ళు, దారినపోయే మనుషులు వచ్చి అతని మీద పడి ఆపేస్తారు. దేవతలు కాదు, మామూలు జనం. తలెత్తి చూస్తే ఊరంతా ధ్వంసమై ఉంది. ముసుగు తీసి లొంగిపోతాడు. అప్పట్లో చాలామందికి ఇది నచ్చలేదు, గెలుస్తున్నవాడు ఎందుకు లొంగాలి అని. నాకిది ఆ సిరీస్ మొత్తానికీ దొరికిన ఒకే ఒక్క గొప్ప పేజీ. చిలకమర్తి నాటకంలో ద్వారక పౌరుడొకడు వచ్చి 'స్వామీ, ఒక ఉమ్ముకి ఇంత రక్తమా' అనడు. అనగలిగే మనిషి ఆ నాటకంలో లేడు. గయుడు అనొచ్చు, కానీ వాడికి ప్రాణభయం తప్ప ఇంకో మాట ఇవ్వలేదు. చదువుకీ సంస్కరణకీ జీవితమంతా పాటుపడ్డ చిలకమర్తి, 1909లో రాజమండ్రిలో దళితుల కోసం రామమోహన పాఠశాల పెట్టిన చిలకమర్తి, ఆ ఇరవైల్లో కాక నలభైల్లో ఈ నాటకం రాసుంటే గయుడికి ఇంకో రెండు పద్యాలు దొరికేవేమో.

2024 జూన్‌లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. అశ్వత్థామకీ భైరవకీ యుద్ధం, చివర్లో భైరవ కర్ణుడని తెలుస్తుంది. నేను తార్నాకలో చూశాను. విశ్రాంతి దాకా జనం గ్రాఫిక్స్ గురించే మాట్లాడుకున్నారు. ఆట వదిలాక మెట్లు దిగుతూ, పార్కింగ్‌లో, మెట్రోలో మెట్టుగూడ దాకా ఒకటే గొడవ: అర్జునుడు గొప్పా, కర్ణుడు గొప్పా? 'మూలంలో అలా లేదు బ్రో' అంటూ ఒకడు ఫోన్‌లో భారతం తీశాడు. ఇంజనీరింగ్ కుర్రాడనుకుంటాను, భుజాన ల్యాబ్ కోటుంది. ఘోషయాత్రలో కర్ణుడు పారిపోయిన ఘట్టం పైకి చదవడం మొదలుపెట్టాడు. పక్కవాడు చెవులు మూసుకుని "మా కర్ణుడు పారిపోడు" అన్నాడు. నా స్టేషన్ వచ్చినా నేను వెంటనే దిగలేదు.