ఎండోమెట్రియోసిస్, కటికుహరపు చీముగడ్డ: పాలమూరు, నల్లగొండ వైద్యచరిత్రలో ఒక ఖాళీ

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతపు వైద్యచరిత్ర అనగానే నల్లగొండ ఫ్లోరోసిస్ గుర్తుకు వస్తుంది. వంగిన ఎముకలు కంటికి కనిపిస్తాయి కనుక ఆ వ్యాధికి సర్వేలు, ఉద్యమాలు, చివరకు నీటిశుద్ధి పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు కూడా దక్కాయి. అదే నేలమీద స్త్రీల పొత్తికడుపు నొప్పికి అటువంటి చరిత్ర ఏర్పడలేదు.

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడమే ఎండోమెట్రియోసిస్. 1860లో రొకిటాన్‌స్కీ దీనికి సంబంధించిన తొలి వర్ణన చేశాడని సాధారణంగా చెబుతారు. అమెరికన్ వైద్యుడు జాన్ సాంప్సన్ 1921లో అండాశయపు ‘చాకొలెట్ తిత్తుల’ను వివరించాడు, ముట్టురక్తం నాళాల గుండా వెనక్కు పారి ఈ వ్యాధికి కారణమవుతుందని 1927లో ప్రతిపాదించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పునరుత్పత్తి వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఈ వ్యాధి ఉంది.

ఆ తిత్తిలో నిలిచిన పాత రక్తం సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన చోటు. అతుకులు పడిన కటికుహరంలో ఇన్ఫెక్షన్ చేరితే అది బీజవాహికకు, అండాశయానికి పాకి చీముగడ్డగా మారవచ్చు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో ఇటువంటి గడ్డ యాంటీబయాటిక్ మందులకు తేలిగ్గా లొంగక శస్త్రచికిత్సకు దారితీయడం ఎక్కువ. జ్వరం, నొప్పి, స్కానింగులో గడ్డ: ఈ మూడింటినీ చూసి సాధారణ ఇన్ఫెక్షన్ అనో, జననాంగ క్షయ అనో భావించే అవకాశం ఉంది. అడుగున ఉన్న అసలు వ్యాధి పేరు మరుగున పడిపోతుంది.

ఈ మరుగుకు స్థానిక చరిత్ర కూడా తోడైంది. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అదే సంవత్సరం డిసెంబరులో నల్లగొండ చేరింది. గర్భసంచి తొలగింపు కూడా కొంతకాలం ఆ పథకపు చికిత్సల్లో ఉండేది. అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న విమర్శల తరువాత దానిని ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేశారు. అయితే మొత్తం నింద పథకంమీద మోపడం చరిత్రకు న్యాయం కాదు. వలస కూలికి పోయే పాలమూరు స్త్రీకి నెలనెలా పోయే కూలిడబ్బులే పెద్ద లెక్క. ‘సంచి తీయిస్తే పీడ పోతుంది’ అన్న మాటకు బలం అక్కడినుంచే వచ్చింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశమంతటా 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం.

ఎండోమెట్రియోసిస్ విషయంలో ఈ పరిష్కారం అసంపూర్ణం. వ్యాధి అండాశయంలోనో పేగు గోడమీదనో మిగిలితే గర్భసంచి పోయినా నొప్పి పోకపోవచ్చు. చిన్న వయసులో అండాశయాలను కూడా తీసివేస్తే ఎముకల సాంద్రత తగ్గుతుంది. ఫ్లోరోసిస్ నేలమీద ఈ రెండో నష్టాన్ని విడిగా లెక్కపెట్టవలసి ఉంది.

అనవసర గర్భసంచి తొలగింపులను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. తీసిన అవయవాన్ని పాథాలజీ పరీక్షకు పంపి, ఆ ఫలితాన్ని కేసుషీటులో చేర్చినచోట మాత్రమే చీముగడ్డ అడుగున ఎండోమెట్రియోసిస్ ఉందో లేదో తేలుతుంది. ఈ ప్రాంతపు స్త్రీల వ్యాధిచరిత్రను రాయదలచినవారు ముందుగా తెరవవలసినవి ఆ కేసుషీట్లే.