నల్లజాతి కళాశాలల్లో అర్థశాస్త్రం: అట్లాంటా నుంచి హోవార్డ్ దాకా

అమెరికాలో నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన కళాశాలల అర్థశాస్త్ర పరిశోధనను, పేరున్న పత్రికల్లో అచ్చయిన వ్యాసాల లెక్కతో చూస్తే అది కొద్దిపాటిదే అనిపిస్తుంది. వాటిలో ఈ శాస్త్రంలో పిహెచ్.డి. ఇచ్చేది హోవార్డ్ విశ్వవిద్యాలయం ఒక్కటే. మిగతాచోట్ల అధ్యాపకుల కాలం చాలావరకు పాఠాలకే సరిపోతుంది. అయితే నేను చూసేది మరొకటి: ఏ ప్రశ్నలు ముందుగా ఆ గదుల్లో పుట్టాయి అన్నది.

1897లో డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ చరిత్ర, అర్థశాస్త్రాల ఆచార్యుడిగా అట్లాంటా విశ్వవిద్యాలయంలో చేరారు. ఏటా ఒక అంశం తీసుకుని నల్లవారి జీవితాన్ని సర్వే చేయించారు. 1899లో వ్యాపారాలు, 1902లో చేతిపనివారు, 1907లో సహకార యత్నాలు. చేతిలో డబ్బు లేదు. సమాచారం సేకరించి పంపినవారిలో పూర్వ విద్యార్థులు చాలామంది. 1906లో ఫెడరల్ కార్మిక బ్యూరో కోసం అలబామాలోని లౌండ్స్ కౌంటీలో నల్లజాతి రైతుల భూమి, శ్రమ, బతుకు పరిస్థితులను ఆయన బృందం పరిశీలించింది. బ్యూరో ఆ నివేదికను అచ్చు వేయలేదు, చివరికి రాతప్రతిని నాశనం చేసింది. ఆ ఒక్క గ్రంథం బతికి ఉంటే దక్షిణాది వ్యవసాయంపై మన జ్ఞానం ఎంత ముందుండేదో!

రెండో ఘట్టం హోవార్డ్‌ది. 1927లో అక్కడ చేరిన ఏబ్రమ్ హారిస్ తర్వాత అర్థశాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. స్టెర్లింగ్ స్పెరోతో కలిసి 1931లో తెచ్చిన 'ది బ్లాక్ వర్కర్'లో, కార్మిక సంఘాలు నల్లవారికి తలుపులు మూయడాన్నీ, యజమానులు ఆ చీలికను సమ్మెలు భగ్నం చేయడానికి వాడుకోవడాన్నీ కలిపి చూపించారు. 1936లో నల్లజాతి బ్యాంకుల చరిత్రను తవ్వి, విడిగా సొంత పెట్టుబడిదారీ వ్యవస్థ కట్టుకుంటే విముక్తి వస్తుందన్న ఆశను నిలదీశారు. సొంతవాళ్లకే చేదుగా ఉండే మాటను ఆధారాలతో చెప్పిన ఆ ధైర్యం నాకెంతో గౌరవనీయం. అదే ప్రాంగణంలో, సాంఘిక శాస్త్రాలు బోధిస్తూ, ఎరిక్ విలియమ్స్ 1944లో 'కేపిటలిజం అండ్ స్లేవరీ' వెలువరించారు. బానిసత్వపు లాభాలకూ బ్రిటిష్ పారిశ్రామికాభివృద్ధికీ ఉన్న సంబంధంపై ఆ పుస్తకం లేవనెత్తిన వాదం నేటికీ సద్దుమణగలేదు.

1945లో హారిస్ చికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత జాతి సమస్యపై రాయడం దాదాపు మానేసి, ఆర్థిక సిద్ధాంతకర్తల భావాల మీదే దృష్టి పెట్టారు. తయారుచేసిన మేధావిని పెద్ద సంస్థ తీసుకుపోతే, చిన్న శాఖ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. 1950లలో అట్లాంటాలో బోధించిన ఫిలిస్ వాలెస్ కూడా అక్కడ నిలవలేదు. ఆమె సమాన ఉపాధి అవకాశాల సంఘంలో పరిశోధన నడిపి, ఆపై ఎంఐటీలో చేరారు. ఉద్యోగ వివక్షపై సుప్రసిద్ధమైన ఏటీ అండ్ టీ కేసు గురించిన గ్రంథానికి సంపాదకత్వం వహించారు.

1969లో నల్లజాతి ఆర్థికవేత్తలు సొంత వేదిక ఏర్పరచుకున్నారు. మరుసటి ఏడాది 'రివ్యూ ఆఫ్ బ్లాక్ పొలిటికల్ ఎకానమీ' వచ్చింది. దాంతో విడివిడిగా ఉన్న శాఖల అధ్యాపకులకు తమ విషయాల మీద రాసుకునే చోటు దొరికింది.

2020 జూన్‌లో హోవార్డ్ ఆచార్యుడు విలియం స్ప్రిగ్స్ తోటి ఆర్థికవేత్తలకు ఒక బహిరంగ లేఖ రాశారు. జాతిని పుట్టుకతో వచ్చిన గుణంగా సమీకరణంలో పెట్టేసి, తేడాలకు కారణం నల్లవారిలోనే వెతికే అలవాటును ఆయన సూటిగా ప్రశ్నించారు. 2023లో ఆయన కన్నుమూసేనాటికి ఆ లేఖ తమ వృత్తి తనను తాను పరిశీలించుకోవాలనే చర్చలో తప్పక ప్రస్తావనకు వచ్చే పత్రాల్లో ఒకటైంది.