చట్టసభలో ప్రశ్న: బోధన్ చక్కెర, నిజామాబాద్ పసుపు

ఎన్నికైన ప్రతినిధి ప్రభుత్వ విధానం గురించి మంత్రిని నియమం ప్రకారం అడిగి, రికార్డులో నిలిచే జవాబు రాబట్టే పద్ధతిని చట్టసభ ప్రశ్న అంటారు. రాజ్యాంగంలోని 75(3) అధికరణ కేంద్ర మంత్రివర్గాన్ని లోక్‌సభకూ, 164(2) అధికరణ రాష్ట్ర మంత్రివర్గాన్ని శాసనసభకూ సమష్టిగా జవాబుదారీ చేశాయి. ఆ జవాబుదారీతనం రోజువారీగా కనబడేది ప్రశ్నోత్తరాల సమయంలోనే. బడ్జెట్ ఏడాదికోసారి వస్తుంది, అవిశ్వాస తీర్మానం ఎప్పుడో గానీ రాదు. ప్రశ్న మాత్రం సమావేశాలు జరిగే దాదాపు ప్రతి రోజూ ఉంటుంది, ప్రతిపక్ష సభ్యుడికీ అధికారపక్ష సభ్యుడికీ సమానంగా ఉంటుంది.

నిజామాబాద్ ప్రాంతం నుంచి చట్టసభలకు వెళ్లిన వాళ్ల ముందు దశాబ్దాలుగా రెండు పెద్ద విషయాలున్నాయి. ఒకటి బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ, రెండోది పసుపు. ప్రశ్న అనే ఆయుధం ఎంత దూరం వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. సభలో ప్రశ్నోత్తరాలను నడిపించే స్పీకర్ పదవి కూడా ఉమ్మడి నిజామాబాద్ జిల్లా నేతలకు రెండుసార్లు దక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2004 నుంచి 2009 వరకు కె.ఆర్. సురేశ్ రెడ్డి, తెలంగాణ శాసనసభకు 2019 నుంచి 2023 వరకు పోచారం శ్రీనివాస్ రెడ్డి స్పీకర్లుగా ఉన్నారు.

అడిగే హక్కు ఎలా వచ్చింది

బ్రిటిష్ ఇండియాలో శాసనమండలి సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు 1892 చట్టంతో వచ్చింది. అయితే జవాబు విన్నాక మళ్లీ అడగడానికి వీల్లేదు. 1909 సంస్కరణలు అసలు ప్రశ్న వేసిన సభ్యుడికి అనుబంధ ప్రశ్న వేసే అవకాశం ఇచ్చాయి, 1919 చట్టం దాన్ని మిగతా సభ్యులకూ విస్తరించింది. నిజాం రాజ్యం సంగతి వేరు. 1893లోనే హైదరాబాద్‌లో శాసనమండలి ఏర్పడినా అందులో అధికారులదే పైచేయి. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయినప్పుడు గానీ, ఆ నీటితో పెరిగిన చెరకు కోసం 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలిసినప్పుడు గానీ, కాలువ కింద భూమి ఎవరికి, చెరకు ధర ఎంత అని ప్రజల తరఫున నిలదీసే ఎన్నికైన సభ లేదు. వయోజన ఓటుతో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ ఏర్పడింది 1952లో. ఫ్యాక్టరీ గురించి మంత్రి జవాబు చెప్పాల్సిన రోజులు అప్పుడు మొదలయ్యాయి.

ప్రశ్న ఎలా సభకు చేరుతుంది

లోక్‌సభలో కనీసం పదిహేను పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసుల్లో ఏవి జాబితాకెక్కాలో లాటరీ తీసి నిర్ణయిస్తారు. రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు జాబితాలోకి వస్తాయి. నక్షత్రం ఉన్నదానికి మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం లేనిదానికి కాగితం మీద జవాబుతో సరి. ఇరవైలో నోటిమాటగా చర్చకొచ్చేవి చాలా రోజుల్లో నాలుగైదుకు మించవు, మిగిలినవాటికీ లిఖిత జవాబే దక్కుతుంది. అత్యవసరమైతే స్వల్ప వ్యవధి ప్రశ్న ఉంది, కానీ దానికి మంత్రి ఒప్పుకోవాలి. జవాబు చాలలేదనిపిస్తే అరగంట చర్చ కోరవచ్చు. ప్రశ్నోత్తరాలు ముగిశాక వచ్చే జీరో అవర్‌లో ఊరి సమస్య వినిపించవచ్చు గానీ, అక్కడ మంత్రి వెంటనే జవాబివ్వాల్సిన పని లేదు. మన వార్తల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి. సభ్యుడు ‘సభలో గళమెత్తాడు’ అని చదివినప్పుడు అది ప్రశ్నా, జీరో అవర్ ప్రస్తావనా అని చూడటం పాఠకుడికి అవసరం. మొదటిదానికి జవాబు రాక తప్పదు.

ప్రశ్న రాయడానికీ హద్దులున్నాయి. సాధారణంగా 150 మాటలు దాటకూడదు. వాదన, వ్యంగ్యం, ఊహ ఉండకూడదు. న్యాయస్థానం ముందున్న వ్యవహారంపై సమాచారం అడగకూడదు. ప్రభుత్వం ప్రధానంగా బాధ్యత వహించని సంస్థల వ్యవహారాలు అడగకూడదు. బోధన్ కథలో ఈ చివరి రెండు నియమాలే ఎక్కువ బరువైనవి.

సభలో పేలే అనుబంధ ప్రశ్నకు ఎంత బలముంటుందో 1957 నాటి ముంద్రా వ్యవహారం చూపింది. ముంద్రా కంపెనీల్లో జీవిత బీమా సంస్థ పెట్టుబడుల గురించి రామ్ సుభగ్ సింగ్ అడిగిన ప్రశ్నకు ఫిరోజ్ గాంధీ గుచ్చిగుచ్చి అడిగిన మాటలు తోడై విచారణ కమిషన్ దాకా వెళ్లింది. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అదే హక్కును డబ్బుకు అమ్ముకున్నందుకు 2005 డిసెంబర్‌లో పదకొండు మంది ఎంపీలు సభ్యత్వం పోగొట్టుకున్నారు.

ఏ మంత్రిని అడగాలి

నిజామాబాద్ రైతు సమస్య ఏ ఒక్క శాఖలోనూ ఇమడదు. చెరకుకు మిల్లు చెల్లించాల్సిన కనీస ధరను, అంటే ఎఫ్‌ఆర్‌పీని, కేంద్రం నిర్ణయిస్తుంది. 2024–25 సీజన్‌కు 10.25 శాతం రికవరీ మీద అది క్వింటాలుకు 340 రూపాయలు. ఈ ప్రశ్న వెళ్లాల్సింది కేంద్ర ఆహార, ప్రజా పంపిణీ శాఖకు. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలనీ, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలనీ 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. దాన్ని మిల్లు చేత అమలు చేయించాల్సింది రాష్ట్రంలోని కేన్ కమిషనర్, కాబట్టి బకాయిల ప్రశ్న హైదరాబాద్‌లో పడాలి. మూతపడిన బోధన్ ఫ్యాక్టరీ తెరిచే సంగతి రాష్ట్ర పరిశ్రమల శాఖది. పసుపు పండించడం వ్యవసాయ శాఖ లెక్కలోకి వస్తే, దాని బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కిందికి వస్తుంది.

శాఖ తప్పితే ‘ఇది రాష్ట్ర పరిధిలోని అంశం’ అనే ఒక్క వాక్యంతో ఒక సమావేశాల కాలం గడిచిపోతుంది. 2009 ఎన్నికల నుంచి నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో బోధన్‌తో పాటు కోరుట్ల కూడా ఉంది. అంటే నిజాం షుగర్స్‌కు చెందిన శక్కర్‌నగర్, ముత్యంపేట మిల్లులు రెండూ ఒకే ఎంపీ నియోజకవర్గంలో ఉన్నాయి. ఆ ఎంపీ ఢిల్లీలో అడగగలిగింది ధర, ఇథనాల్ విధానం, రుణాల గురించి. మిల్లు తాళం గురించి అడగాల్సింది బోధన్, కోరుట్ల ఎమ్మెల్యేలే.

నిజాం షుగర్స్: ప్రశ్నకు అందకుండా పోయిన ఫ్యాక్టరీ

ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందిన బోధన్ ఫ్యాక్టరీ ప్రభుత్వ రంగంలో ఉన్నన్నాళ్లు అది పూర్తిగా సభ ముందుండేది. ప్రభుత్వ వాటా 51 శాతానికి తగ్గని సంస్థ చట్టం దృష్టిలో ప్రభుత్వ కంపెనీ. దాని లెక్కలను కాగ్ తనిఖీ చేయిస్తుంది, వార్షిక నివేదికను సభలో పెట్టాలి, ప్రభుత్వరంగ సంస్థల సంఘం దాన్ని పిలిచి అడగవచ్చు. గానుగ ఎన్ని రోజులు ఆడింది, నష్టం ఎందుకొచ్చింది, సొంత చెరకు తోటల భూములు ఏమవుతున్నాయి అనే ఏ ప్రశ్నకైనా పరిశ్రమల మంత్రి జవాబు వెతకాల్సిందే.

2002లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం శక్కర్‌నగర్, ముత్యంపేట, మెదక్ జిల్లా ముంబోజిపల్లి యూనిట్లను ఉమ్మడి సంస్థగా మార్చింది. డెల్టా పేపర్ మిల్స్‌కు 51 శాతం, ప్రభుత్వానికి 49 శాతం వాటాతో నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ ఏర్పడింది. అప్పటి చర్చంతా ఎంతకు అమ్మారు, భూముల విలువ ఎంత కట్టారు అన్న దానిమీదే నడిచింది. నా దృష్టిలో అంతకు తగ్గని మార్పు మరొకటి జరిగింది. ప్రభుత్వ వాటా 51 శాతం కన్నా తగ్గి 49కి దిగడంతో ఫ్యాక్టరీ ప్రభుత్వ కంపెనీ నిర్వచనం దాటిపోయింది. కాగ్ తనిఖీ, సభలో నివేదిక పెట్టే నియమం దానికి వర్తించకుండా పోయాయి. రోజువారీ నిర్వహణ గురించి అడిగితే ‘అది యాజమాన్యం విషయం’ అనడానికి మంత్రికి చోటు దొరికింది. చెరకు రైతుకూ కార్మికుడికీ ఫ్యాక్టరీ ఉన్నచోటే ఉంది, వాళ్లు ఎన్నుకున్న ప్రతినిధి ప్రశ్నకు మాత్రం అది అందనంత దూరం జరిగింది.

ప్రశ్నతో తేలని విషయాన్ని సభ 2004 తర్వాత సభాసంఘానికి అప్పగించింది. ఆ సంఘం అమ్మకాన్ని తప్పుపట్టి, ప్రైవేటీకరణ రద్దు చేయాలని సిఫార్సు చేసింది. వ్యవహారం హైకోర్టుకు చేరింది. మళ్లీ పైన చెప్పిన నియమమే అడ్డొచ్చింది: న్యాయస్థానంలో ఉన్నదాన్ని ప్రశ్నలో పెట్టడం కుదరదు. సభ తన సొంత సంఘం చెప్పిన మాటను కూడా కోర్టు గుమ్మం దాకే తీసుకెళ్లగలిగింది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక, ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుంటామన్న హామీతో వచ్చిన ప్రభుత్వం 2015లో మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘం చేత నడిపించే ఆలోచన ముందుకు తెచ్చింది. అది జరగలేదు. ఆ ఏడాది డిసెంబర్ 23న మూడు యూనిట్లలోనూ లేఆఫ్ ప్రకటించారు. 2019 జూన్‌లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ కంపెనీని లిక్విడేషన్‌కు పంపింది. దాంతో ఆస్తులపై అధికారం లిక్విడేటర్ చేతికి వెళ్లింది, ఆయన జవాబు చెప్పుకోవాల్సింది ట్రిబ్యునల్‌కే. 2023 చివర్లో ప్రభుత్వం మారాక, పునరుద్ధరణ పరిశీలనకు 2024 జనవరిలో పరిశ్రమల మంత్రి డి. శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. 2024–25 సీజన్‌లోనూ శక్కర్‌నగర్‌లో క్రషింగ్ జరగలేదు.

ఇంత చిక్కుపడిన వ్యవహారంలో ‘ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తారు?’ అని అడిగితే ‘ప్రభుత్వం చిత్తశుద్ధితో ఉంది’ అన్న జవాబే వస్తుంది. ప్రభుత్వం చేతిలో ఇంకా మిగిలినదాన్ని పట్టుకుని అడగాలి. నిజాం షుగర్స్ లిమిటెడ్ పేరిట ఉన్న 49 శాతం వాటా తరఫున ట్రిబ్యునల్‌లో ప్రభుత్వం ఏం వాదించింది? కమిటీ నివేదిక ఏ తేదీన అందింది, దాన్ని సభలో పెడతారా? కార్మికుల వేతన బకాయి యూనిట్ల వారీగా ఎంత? ఇలాంటి ప్రశ్నకు తేదీ, అంకె, అవును, కాదు తప్ప వేరే జవాబు ఉండదు.

పసుపు: ‘లేదు’ అన్న జవాబు

పసుపుది మరో దారి. 1986 చట్టంతో వచ్చిన స్పైసెస్ బోర్డు జాబితాలో పసుపు కూడా ఉంది కాబట్టి వేరే బోర్డు అక్కర్లేదన్నది చాలాకాలం కేంద్రం మాట. ఆర్మూర్, బాల్కొండ రైతులు 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం రోడ్డెక్కారు. ఆ మార్చిలో 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు కలిపి పోలింగ్ జరపాల్సి వచ్చింది. సభలో తమ ప్రశ్నకు జవాబు రాలేదనుకున్న రైతులు ప్రశ్నను బ్యాలెట్ మీదికే తెచ్చారు. సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత ఓడిపోయారు, బోర్డు తెస్తానని బాండ్ పేపర్ రాసిచ్చిన ధర్మపురి అరవింద్ గెలిచారు.

2023 మార్చిలో పార్లమెంటులో వాణిజ్య శాఖ ఇచ్చిన లిఖిత జవాబు పసుపు బోర్డు ఏర్పాటు ఆలోచన లేదనే చెప్పింది. అదే ఏడాది అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు, ఆ వారంలోనే నోటిఫికేషన్ వచ్చింది. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమైంది, ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లో పెట్టారు. ఆరు నెలల తేడాతో వచ్చిన మార్చి జవాబు, అక్టోబర్ ప్రకటన రెండూ పక్కపక్కనే రికార్డులో ఉన్నాయి. సభలో ఇచ్చిన జవాబు ఆ రోజు ప్రభుత్వ వైఖరిని మాత్రమే చెబుతుంది. ‘లేదు’ అన్న జవాబును ఓటమిగా తీసుకోనక్కర్లేదని పసుపు రైతులు చూపించారు. ‘లేదు’ అని రాతపూర్వకంగా వచ్చాకే దాన్ని చేత్తో పట్టుకుని ఊరూరా అడగడం వీలవుతుంది.

జిల్లా ఆఫీసులో

శాసనసభ ప్రశ్నను ఆఫీసుల్లో ‘ఎల్‌ఏక్యూ’ అంటారు. సచివాలయం నుంచి కమిషనరేట్‌కూ, అక్కడి నుంచి నిజామాబాద్ కలెక్టరేట్‌కూ, మండలాలకూ కాగితం దిగుతుంది, సమాచారం అదే దారిలో పైకి వెళ్తుంది. మామూలు అర్జీకి నెలలు పట్టే లెక్క ఎల్‌ఏక్యూ అనగానే గంటల్లో తయారవుతుంది. మంత్రి సభలో తప్పు చెబితే హక్కుల తీర్మానం దాకా వెళ్తుందన్న భయమే అందుకు కారణం. ప్రశ్నకు జవాబు సంతృప్తిగా లేకపోయినా, ఆ వంకతో జిల్లాలో కదిలే ఫైలు విలువ తక్కువేమీ కాదు.

హామీ వెంట పడటం

లోక్‌సభలో ప్రభుత్వ హామీల సంఘం 1953 నుంచి ఉంది. మంత్రి సభలో ఇచ్చిన హామీ మూడు నెలల్లో నెరవేరాలని అది చూస్తుంది. ‘విషయం పరిశీలనలో ఉంది’, ‘నేను చూస్తాను’ లాంటి మాటలను కూడా ఆ సంఘం హామీలుగానే లెక్కిస్తుంది. ‘ప్రతిపాదన లేదు’ అన్న జవాబు దాని చేతికి చిక్కదు. మంత్రుల పేషీల్లో జవాబు ముసాయిదా మీద ఒక్కో మాట కోసం అంత పట్టుబట్టేది ఇందుకే. శాసనసభల నిబంధనల్లోనూ ఇలాంటి సంఘానికి చోటుంది. బోధన్ విషయంలో సభలో మంత్రులు చెప్పిన ప్రతి ‘తెరుస్తాం’నూ ఆ సంఘం ముందుకు తేదీలతో సహా తీసుకెళ్లడం స్థానిక సభ్యుడి పని. ప్రశ్న వేయడం కన్నా ఇది కష్టం, దీనికి పేపర్లో ఫొటో కూడా పడదు.

పార్లమెంటు ఉభయ సభల ప్రశ్నలూ జవాబులూ వాటి వెబ్‌సైట్లలో సభ్యుడి పేరు, శాఖ, తేదీ వారీగా వెతుక్కునేలా ఉన్నాయి. చెరకు, పసుపు పండించే ఊళ్లో ఎవరైనా తమ ఎంపీ ఏం అడిగారో, మంత్రి ఏం చెప్పారో అక్కడ చదివి చూసుకోవచ్చు, వచ్చే సమావేశాలకు అడగాల్సిన ప్రశ్నను రాసి ఆయన చేతికివ్వవచ్చు.