విభాగం – 9 : పిల్లల ఆసుపత్రిలో యువజన సేవ – చారిత్రక వికాసం (బ్రిటన్)

9.0 లక్ష్యాలు

ఈ విభాగాన్ని చదివిన తరువాత మీరు:
– బ్రిటన్‌లో పిల్లల ఆసుపత్రుల సంస్కరణ ఎలా జరిగిందో వివరించగలుగుతారు.
– 1959, 1960 నాటి రెండు నివేదికల ప్రాముఖ్యాన్ని పోల్చి చెప్పగలుగుతారు.
– కౌమార దశలోని రోగులకు యువజన కార్యకర్త అవసరం ఎందుకు ఏర్పడిందో విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

ఆసుపత్రి మంచం మీద ఉన్న పదిహేనేళ్ల అమ్మాయిని ఊహించుకోండి. రోజంతా ఆమె దగ్గరికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. డాక్టరు పరీక్షిస్తారు, నర్సు సూది వేస్తుంది, ఇంకొకరు రక్తం తీసుకుంటారు. వీరిలో ఎవరినీ ఆమె వద్దనలేదు. ఆమె "ఇప్పుడు వద్దు, రేపు రండి" అనగలిగిన ఒకే ఒక ఉద్యోగి యువజన కార్యకర్త. ఈ ఉద్యోగం ఆసుపత్రిలోకి ఎలా వచ్చింది? ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది? ఈ రెండు ప్రశ్నలే ఈ విభాగానికి ఆధారం.

9.2 వార్డు బయట నిలబడిన తల్లిదండ్రులు

లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి 1852 ఫిబ్రవరి 14న ప్రారంభమైంది. డాక్టర్ చార్లెస్ వెస్ట్ కృషితో ఏర్పడిన ఈ ఆసుపత్రిలో అప్పుడు పది పడకలే ఉండేవి. పిల్లలను పెద్దల వార్డుల నుంచి వేరుచేసి ప్రత్యేకంగా చూడాలనే ఆలోచన ఆనాటికి కొత్తది.

అయితే తరువాతి వంద సంవత్సరాలలో ఆసుపత్రులు పిల్లల శరీరాన్ని చూసుకున్నంతగా మనసును చూసుకోలేదు. అంటువ్యాధుల భయం వల్ల, వార్డు క్రమశిక్షణ పేరుతో తల్లిదండ్రుల రాకను కట్టడి చేశారు. 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడిన నాటికి కూడా చాలా ఆసుపత్రులలో వారానికి ఒకటి రెండుసార్లు, గంటో రెండు గంటలో మాత్రమే తల్లిని లోపలికి అనుమతించేవారు. తల్లి వచ్చినప్పుడు బిడ్డ ఏడుస్తాడు, రాకపోతే నిశ్శబ్దంగా ఉంటాడు. ఆ నిశ్శబ్దాన్నే సిబ్బంది "అలవాటు పడ్డాడు" అని అర్థం చేసుకున్నారు.

ఈ అభిప్రాయాన్ని సవాలు చేసిన వ్యక్తి జేమ్స్ రాబర్ట్‌సన్. యుద్ధకాలంలో ఆయన అన్నా ఫ్రాయిడ్ నడిపిన శిశు సంరక్షణాలయంలో బాయిలర్ పని చేస్తూ పిల్లలను గమనించారు. 1948 నుంచి టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీతో కలిసి పనిచేశారు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప గురించి 1952లో ఆయన తీసిన చిత్రం వైద్యులలో పెద్ద వివాదం రేపింది. తల్లికి దూరమైన బిడ్డ మొదట నిరసన తెలుపుతాడు, తరువాత నిరాశలో పడతాడు, చివరికి అనుబంధాన్నే వదులుకుంటాడు అని రాబర్ట్‌సన్ వాదించారు. అంటే వార్డులో కనిపించే నిశ్శబ్దం కోలుకోవడానికి గుర్తు కాదు.

9.3 ప్లాట్ నివేదిక (1959)

ఈ చర్చ ఫలితంగా ప్రభుత్వం 1956లో శస్త్రవైద్యుడు సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. 1959లో వెలువడిన నివేదిక తల్లిదండ్రులను ఏ వేళనైనా రానివ్వాలని, చిన్న పిల్లలతో పాటు తల్లికి కూడా చోటు కల్పించాలని, ఆటకూ చదువుకూ ఏర్పాట్లు చేయాలని సూచించింది.

సూచనలు కాగితం మీద ఉన్నంత మాత్రాన వార్డు తలుపులు తెరుచుకోలేదు. అమలు చేయడం, చేయకపోవడం ఆయా ఆసుపత్రుల ఇష్టమైంది. అందువల్ల 1961లో లండన్‌లోని బ్యాటర్‌సీ ప్రాంతపు తల్లులు సంఘంగా ఏర్పడి ఆసుపత్రులపై ఒత్తిడి తెచ్చారు. 1960వ దశకంలో వార్డులలో ఆట కార్యక్రమాలు మొదలై, క్రమంగా 'ఆట నిపుణులు' అనే వృత్తి రూపొందింది. అయితే ఈ సంస్కరణల దృష్టి ప్రధానంగా పసిపిల్లల మీదే నిలిచింది.

9.4 ఆల్బర్‌మార్ల్ నివేదిక (1960)

సరిగ్గా ఆ కాలంలోనే, ఆసుపత్రితో సంబంధం లేని మరో ధార మొదలైంది. యుద్ధం తరువాత పుట్టిన పిల్లలు యుక్తవయసుకు వస్తున్నారు. నిర్బంధ సైనిక శిక్షణ ముగింపుకు వచ్చింది. 'టెడ్డీ బాయ్స్' గురించి పత్రికలు ఆందోళన వ్యక్తం చేస్తున్నాయి. ఈ నేపథ్యంలో ఆల్బర్‌మార్ల్ కౌంటెస్ అధ్యక్షతన నియమితమైన కమిటీ 1960లో తన నివేదిక ఇచ్చింది. యువజన సేవకు ప్రభుత్వ నిధులు, కొత్త భవనాలు, శిక్షణ పొందిన కార్యకర్తలు కావాలని కోరింది. 1961లో లెస్టర్‌లో యువజన నాయకుల శిక్షణ కళాశాల ప్రారంభమైంది.

బ్రిటిష్ యువజన సేవకు మూలసూత్రం స్వచ్ఛందత. క్లబ్బుకు రావడం, వెళ్లిపోవడం యువతీయువకుల ఇష్టం. బడిలో హాజరు తప్పనిసరి, క్లబ్బులో కాదు. కాబట్టి కార్యకర్తకు అధికారం ఉండదు. నమ్మకం సంపాదించుకోవడం ఒక్కటే అతని సాధనం.

9.5 మధ్యలో మిగిలిపోయిన వయసు

రెండు నివేదికల మధ్య దూరం ఒక్క సంవత్సరమే. కానీ ఆ రెండు ధారలు కలవడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. జబ్బుపడిన కౌమారులు ఆసుపత్రి సంస్కర్తలకు పెద్దవాళ్లుగా కనిపించారు. యువజన సంఘాలకు అసలు కనిపించనే లేదు, ఎందుకంటే వారు క్లబ్బుకు రాలేరు. పదిహేనేళ్ల రోగిని బొమ్మలు అంటించిన గోడల మధ్య పసిపిల్లల వార్డులో ఉంచేవారు, లేదా వృద్ధుల పక్క మంచం ఇచ్చేవారు. అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ రోస్వెల్ గాలగర్ 1951లోనే కౌమారుల కోసం ప్రత్యేక విభాగం ప్రారంభించినా, బ్రిటన్ ఆ దారిలో నెమ్మదిగా నడిచింది.

మార్పుకు నాలుగు కారణాలను గుర్తించవచ్చు. మొదటిది, వైద్యం సాధించిన విజయం. సిస్టిక్ ఫైబ్రోసిస్, మూత్రపిండాల వైఫల్యం, క్యాన్సర్ వంటి వ్యాధులతో ఒకప్పుడు బాల్యంలోనే మరణించిన పిల్లలు యుక్తవయసుకు చేరుకోసాగారు. రెండవది, చట్టం. తగిన అవగాహన ఉంటే పదహారేళ్ల లోపు వారు కూడా వైద్యానికి సమ్మతి ఇవ్వవచ్చునని 1985లో గిల్లిక్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. తమకు సంబంధించిన విషయాలలో పిల్లల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ప్రకటించింది. మూడవది, స్వచ్ఛంద సంస్థల చొరవ. 1990లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో టీనేజ్ క్యాన్సర్ ట్రస్ట్ తన మొదటి ప్రత్యేక వార్డును తెరిచింది. నాలుగవది, ఒక విషాదం. బ్రిస్టల్‌లో పిల్లల గుండె శస్త్రచికిత్సలపై జరిగిన విచారణ నివేదిక 2001లో వెలువడి, పిల్లల వైద్యసేవల ప్రమాణాలను జాతీయ ప్రశ్నగా మార్చింది. ఆ తరువాత 2003లో ఆసుపత్రులకు జాతీయ ప్రమాణాలు వచ్చాయి.

9.6 వార్డులో యువజన కార్యకర్త

ఈ నేపథ్యంలో నాటింగ్‌హామ్ వంటి కొన్ని చోట్ల పిల్లల ఆసుపత్రులు యువజన కార్యకర్తలను నియమించుకున్నాయి. వారు యూనిఫాం వేసుకోరు, మందులు ఇవ్వరు. పేకాట ఆడుతూనో, కలిసి వంట చేస్తూనో మాట కలుపుతారు. జుట్టు రాలిపోవడం, దూరమైన స్నేహితులు, వెనకబడిన చదువు, రహస్యంగా మానేసిన మాత్రలు వంటి డాక్టరు ముందు బయటపడని విషయాలు అక్కడ బయటపడతాయి. డాక్టరును ఏమి అడగాలో ముందుగా రాసుకోవడానికి కార్యకర్త సాయపడతారు. ఒకే వ్యాధి ఉన్న వారిని ఒకచోట చేరుస్తారు. ప్రాణానికి, భద్రతకు ప్రమాదం ఉన్న సందర్భాలలో తప్ప విన్నది గోప్యంగా ఉంచుతారు.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని మీరు గమనించాలి. క్లబ్బు నచ్చకపోతే బయటికి వెళ్లిపోవచ్చు, వార్డు నుంచి వెళ్లలేరు. పైగా కార్యకర్తకు జీతం ఇచ్చేది ఆసుపత్రి. "మాత్రలు మింగించడం" అతని పనిగా మారితే, అతను కూడా మరో ఉద్యోగి అయిపోతాడు, నమ్మకం పోతుంది. నమ్మకం పోతే మాత్రల సంగతి తెలిసే దారి కూడా మూసుకుపోతుంది.

9.7 ఆక్స్‌ఫర్డ్ అనుభవం

పిల్లల క్లినిక్ నుంచి పెద్దల క్లినిక్‌కు మారే కాలం అత్యంత ప్రమాదకరమైనది. ఆక్స్‌ఫర్డ్ మూత్రపిండ వైద్యులు 2012లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఉదాహరణ. మూత్రపిండ మార్పిడి జరిగి, 2000–2006 మధ్య నేరుగా పెద్దల విభాగానికి మారిన 9 మందిలో 6 గురి మూత్రపిండాలు విఫలమయ్యాయి. 2006 తరువాత రెండు విభాగాల వైద్యులు కలిసి క్లినిక్ నడిపారు, దానిని ఆసుపత్రి వెలుపలికి తరలించారు, యువజన కార్యకర్తను చేర్చుకున్నారు. ఈ పద్ధతిలో మారిన 12 మందిలో ఒక్కరి మూత్రపిండం కూడా విఫలం కాలేదు.

సంఖ్య చిన్నది. మార్పులన్నీ ఒకేసారి జరిగాయి కాబట్టి ఫలితాన్ని ఒక్క కార్యకర్తకే ఆపాదించడం సరికాదు. అయినా కౌమారులతో సంబంధం నిలుపుకోవడం వినోదం కాదని, వైద్యంలో భాగమని ఈ అనుభవం సూచిస్తుంది.

9.8 భారతదేశం

బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992లో ఆమోదించింది. 2014లో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10–19 ఏళ్ల వారికి ప్రత్యేక క్లినిక్‌లను, 'సాథియా' అనే తోటి వయసు విద్యాబోధకులను ఏర్పాటు చేసింది. అయితే ఈ కార్యక్రమం ముఖ్యంగా ఊళ్లలో, బస్తీలలో ఉన్న కౌమారుల కోసం రూపొందింది. నెలల తరబడి ఆసుపత్రి మంచానికి పరిమితమైన వారి అవసరం వేరు.

9.9 సారాంశం

ప్లాట్ నివేదిక తల్లిదండ్రులకు వార్డు తలుపు తెరిచింది. ఆల్బర్‌మార్ల్ నివేదిక యువతకు క్లబ్బు తలుపు తెరిచింది. జబ్బుపడిన కౌమారులు చాలాకాలం ఈ రెండింటికీ బయటే ఉండిపోయారు. వైద్య విజయాలు, చట్టం, స్వచ్ఛంద సంస్థలు, ఒక విషాదం కలిసి యువజన సేవను ఆసుపత్రిలోకి తెచ్చాయి. "వద్దు" అనే హక్కును రోగికి మిగిల్చినంత కాలమే ఆ సేవకు విలువ ఉంటుంది.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్లాట్, ఆల్బర్‌మార్ల్ నివేదికలను పోల్చి, కౌమార రోగులపై వాటి ప్రభావాన్ని పరిశీలించండి.
2. ఆసుపత్రులలో యువజన సేవ ఏర్పడడానికి దారితీసిన కారణాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జేమ్స్ రాబర్ట్‌సన్ పరిశీలనలు
2. యువజన సేవలో స్వచ్ఛందత సూత్రం
3. ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం – పరిమితులు